ఇంటర్‌లో వదిలేసిన సోషల్.. గ్రూప్స్‌లో ఎదురొస్తుంది!

ఎంపీసీ, బైపీసీ చదివి గ్రూప్స్ వైపు వచ్చేవాళ్లకు మొదట కంగారు పుట్టించేది సొసైటీ సిలబస్. తెలంగాణ గ్రూప్-2 రెండో పేపర్‌లో చరిత్ర, పాలిటీలతోపాటు అదీ ఉంటుంది. పదో తరగతి తర్వాత మనం సోషల్ పుస్తకం ముట్టుకుంటే కదా!

సీబీఎస్‌ఈలో 11, 12 తరగతుల పిల్లలు సోషియాలజీ, సైకాలజీ లాంటివి ఎలక్టివ్‌లుగా తీసుకోవచ్చు. మన దగ్గరేమో హెచ్‌ఈసీ అంటే ఇప్పటికీ చిన్నచూపే. సివిల్స్ మెయిన్స్‌లో ఆప్షనల్‌కే 500 మార్కులున్నాయి. ఇంజినీర్లూ సోషియాలజీ ఎంచుకోవచ్చు.

కోచింగ్ మెటీరియల్ కొనేముందు ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సోషియాలజీ పుస్తకాలు తిరగేయండి. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కులం, కుటుంబం, వలస... మన ఊళ్లో రోజూ చూసేవే అక్కడ పాఠాలు. తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లిష్ కాస్త ఇబ్బందే. మొదట్లో రోజుకు ఐదారు పేజీలు చాలు.