కాలేయ క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు అబ్లేషన్ చికిత్స: దీర్ఘకాల ఫలితాన్ని నిర్ణయించే అంశాలు

శస్త్రచికిత్సతో కణితిని పూర్తిగా తొలగించిన తరువాత కూడ, కాలేయ క్యాన్సర్ ఐదేళ్లలోపు సగానికి మించిన రోగులలో తిరగబెడుతుంది. మళ్లీ కోత పెట్టడం అందరికీ సాధ్యం కాదు. అట్టి సందర్భాలలో వైద్యులు సూచించే చికిత్సలలో అబ్లేషన్ ఒకటి. అల్ట్రాసౌండ్ లేదా సీటీ స్కాన్ సహాయంతో చర్మం గుండా సన్నని సూదిని కణితిలోనికి పంపి, రేడియో తరంగాల లేదా మైక్రోవేవ్ తరంగాల వేడిమితో దానిని దహింపజేస్తారు. అయితే దీని ఫలితం అందరికీ ఒకే విధంగా ఉండదు. అందుకు ముఖ్య కారణాలు ఐదు.

మొదటిది కణితి స్వరూపం. పరిమాణం 3 సెంటీమీటర్లకు, సంఖ్య మూడుకు మించనప్పుడు ఫలితం మెరుగుగా ఉంటుంది. కణితి చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల మేర కణజాలం కూడ కాలాలి. లేనిచో అంచున మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి. పెద్ద రక్తనాళం పక్కన ఉన్న కణితి నుండి, ప్రవహించే రక్తం వేడిమిని లాగివేస్తుంది.

రెండవది కాలం. రెండేళ్లలోపు తిరగబెట్టిన వ్యాధి చాలవరకు పాత కణితి నుండి వ్యాపించినదై ఉంటుంది. ఆ తరువాత కనిపించేది తరచుగా కొత్తగా పుట్టినది. దాని ఫలితం సాధారణంగా మేలు.

మూడవది మిగిలిన కాలేయం యొక్క శక్తి. రక్తంలో బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే సమయం, పొట్టలో నీరు, మతిమరపు లేదా మగత వంటి లక్షణాలను బట్టి వైద్యులు ఎ, బి, సి అను శ్రేణులు నిర్ణయిస్తారు. ‘ఎ’ శ్రేణివారికి ఎక్కువ మేలు కలుగుతుంది.

నాలుగవది మూలకారణం. అబ్లేషన్ కణితిని దహిస్తుంది గాని, కణితి పుట్టిన కాలేయాన్ని బాగుచేయదు. హెపటైటిస్-బి ఉన్నవారు మాత్రలు మానరాదు. మద్యం పూర్తిగా విడువాలి. 2018లో ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం క్రింద పరీక్షలు, మందులు ఉచితం.

ఐదవది క్రమం తప్పని పరీక్ష. చికిత్స జరిగిన సుమారు నెలకు ఒక స్కాన్, పిదప మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకొకసారి, ఆపై ఆరు నెలలకొకసారి తీయించుకోవడం సాధారణ పద్ధతి. నొప్పి లేదు గదా అని, ఒక రోజు కూలి పోతుందని పరీక్ష వాయిదా వేయరాదు. చిన్నదిగా ఉండగా కనబడిన కణితిని మళ్లీ దహించవచ్చు. పెరిగిన తరువాత ఆ అవకాశం తగ్గిపోతుంది.

స్వస్థలం విడిచి వచ్చినవారు డిశ్చార్జి పత్రం, బయాప్సీ నివేదిక, పాత స్కాన్ల ఫిల్ములు, సీడీలు, వాడుతున్న మందుల చీటీ తప్పక వెంట ఉంచుకోవాలి. పాత స్కాన్‌తో పోల్చి చూచినప్పుడే కొత్త మార్పు తెలుస్తుంది. తమిళం రానివారి పక్షాన ఈ కాగితాలే మాట్లాడగలవు. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చూపించుకొని, తదుపరి చికిత్స ఎక్కడ పొందవలెనో అడిగి తెలిసికొనవచ్చును. ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా లేదా ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవారు దానిని కూడ వెంట తీసికొని వెళ్లగలరు.