మీకు తెలుసా? లేపాక్షి రాతి కచేరీ, వాద్య సాధన

హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు వెళితే లేపాక్షి. వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూడ్డానికే జనం ఎగబడతారు. ఆ స్తంభం ఉన్న మండపంలోనే, రాతి శిల్పాల్లో రంభ నాట్యమాడుతుంటే బ్రహ్మ మద్దెల, తుంబురుడు వీణ పట్టి కచేరీ చేస్తున్న సంగతి చాలామంది కంటపడదు.

• ఈ గుడి అచ్యుతదేవరాయల కాలం (1529–42) నాటిది. సంగీతం నేర్చేవాళ్లు నేటికీ మొదట పట్టే సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు కూడా ఆ కాలంవాడైన పురందరదాసు (1484–1564) ఏర్పరచినవేనని సంప్రదాయం చెబుతుంది. మాయామాళవగౌళ రాగంలో వాటిని మూడు కాలాల్లో సాధన చేస్తారు. తాళం నడక మారదు, ఒక్కో అక్షరానికి పట్టే స్వరాలే రెట్టింపవుతాయి. మూడో కాలంలో తడబడితే మళ్లీ మొదటి కాలానికి రావాల్సిందే. చాలామందికి ఇక్కడే ఓపిక చాలదు.

• మృదంగం ముందు నోటితో మొదలవుతుంది. తాళం వేస్తూ జతులు పలికి, అవి నోట నిలిచాక చేతికి తెస్తారు.

• పాలకొల్లు కుర్రాడు మాండలిన్ శ్రీనివాస్‌కు గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, విన్నది శిష్యుడు తీగల మీద పలికించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపేవాళ్లు లేకపోవడమే మేలు చేసిందేమో. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసేనాటికి శ్రీనివాస్‌కు తొమ్మిదేళ్లు.

• లేపాక్షికి పొరుగునున్న బెంగళూరులో పుట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు చూపు మందగించినవారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలకు విద్యార్థిగా చేరదామని వెళితే, అక్కడి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు ఆయన వాయులీనం విని ఆచార్యుడిగా తీసుకున్నారని చెప్పుకుంటారు.

• మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులను పరిశీలించి 1993లో వ్యాసం ప్రచురించింది. అందులోని పదివేల గంటల సాధన లెక్క ఊరూరా పాకింది. మేటి విద్యార్థులు సాధనను విడతలుగా చేసేవారని, మధ్యాహ్నం కునుకు తీసేవారని అందులోనే ఉంది. పిల్లల్ని పొద్దస్తమానం వాయించమనే తల్లిదండ్రులు ఆ మాట కూడా చదవాలి.

• మృదంగం ఎడమ వైపు కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు. అయ్యాక గీకేస్తారు. ఆ ముద్ద బరువుతోనే గంభీరమైన మంద్రనాదం వస్తుంది. బద్ధకించి ఇంట్లో రవ్వ లేకుండానే వాయిస్తుంటే ఎడమచేతికి ఆ నాదం అలవాటు కాదు. కచేరీ దగ్గర పడ్డాక సాధన కూడా రవ్వ పెట్టే చేయాలి.