స్టెంట్ వేసిన కాలు మళ్లీ నొప్పి పెడుతుంటే...



చాలా ఇళ్లలో పిల్లల్ని స్కూల్లో దింపేదీ, సాయంత్రం తీసుకెళ్లేదీ తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలే. అందుకే ఈ నెల వాళ్ల కాళ్ల గురించి నాలుగు మాటలు.

మా నాన్నగారికి షుగర్ ఉంది. మూడేళ్ల క్రితం తొడలోని రక్తనాళానికి స్టెంట్ వేశారు. ఏడాది పాటు బాగానే నడిచారు. తర్వాత వీధి చివరికి వెళ్లేలోపే పిక్క పట్టేసేది, కాసేపు నిలబడితే తగ్గేది. "వయసు కదమ్మా" అంటే మేమూ ఊరుకున్నాం. కాలి వేలి మీద పుండు ఎంతకీ మానకపోయాక ఆస్పత్రికి వెళ్లాం. డాప్లర్ స్కాన్ చేసి, స్టెంట్ మూసుకుపోయిందన్నారు.

ఎందుకు మూసుకుపోతుంది?

స్టెంట్ అంటే రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని లోహపు జాలీ గొట్టం. గాయం మానేటప్పుడు కొత్త కండ పెరిగినట్టే, దాని లోపల కూడా కణజాలం పెరుగుతుంది. దారి ఇరుకవుతుంది. ఒక్కోసారి రక్తం గడ్డకడుతుంది. సిగరెట్, అదుపులో లేని షుగర్ ఈ ముప్పును పెంచుతాయి.

మళ్లీ పెద్ద ఆపరేషనేనా?

చాలామందికి అక్కర్లేదు. సాధారణంగా గజ్జ దగ్గర మాత్రమే మత్తు ఇచ్చి, సూదితో చిన్న రంధ్రం చేస్తారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ సన్నని వైరును అడ్డంకి దాటిస్తారు. దాని మీదుగా బెలూన్ పంపి, ఉబ్బించి దారి తెరుస్తారు. కణజాలం మళ్లీ పెరగడాన్ని తగ్గించేందుకు మందు పూసిన బెలూన్లు ఉన్నాయి. పేరుకున్నదాన్ని లేజర్‌తో తొలగించే పద్ధతీ ఉంది. గడ్డ ఉంటే పీల్చేస్తారు, లేదా కరిగించే మందును అక్కడికే పంపుతారు. ఇవేవీ కుదరకపోతే బైపాస్.

ఈ దారి వేసింది అమెరికా డాక్టర్ చార్లెస్ డాటర్. 1964లో, కాలు తీసేయడానికి ఒప్పుకోని 82 ఏళ్ల పెద్దావిడకు రక్తనాళం లోపలి నుంచే అడ్డంకి తెరిచి, కాలు నిలబెట్టారు.

నాన్నగారి కాలూ నిలిచింది. మేం ఆలస్యం చేసినందుకు ఒక వేలు మాత్రం పోయింది.

గుర్తుంచుకోండి:

• నడిస్తే పిక్క నొప్పి, ఆగితే తగ్గడం వయసు వల్ల అనుకోవద్దు.
• షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు. రోజూ పాదాలు చూడండి.
• కాలు హఠాత్తుగా చల్లబడి, పాలిపోయి, మొద్దుబారితే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. తెల్లారనిద్దాం అనుకోవద్దు.
• డాక్టర్ చెప్పకుండా రక్తం పలచబడే మాత్రలు ఆపొద్దు.

ఈ ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని తాతయ్యతో ఒక రౌండ్ నడిచి రండి. ఆయన ఎక్కడ ఆగుతున్నారో చూడండి.

– మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్