మా గోడమీద వాడని తామరలు

కళుగుమలైలో మా ఇంటి పూజగదిలో ఒక గజలక్ష్మి పటం ఉండేది. మా అవ్వ రోజూ దానికి మూరెడు మల్లెపూలు పెట్టేది. తెల్లారేసరికి ఆ మల్లెలు వాడిపోయేవి. పటంలోని తామరలు మాత్రం అప్పుడే కొలనులోంచి కోసినట్టు ఉండేవి.

అది కొన్న పటం కాదు. జవుళి కొట్టువారు ఇచ్చిన కేలండర్. డిసెంబరు దాటగానే అవ్వ తేదీల కట్ట పీకేసి, కొట్టు పేరున్న అడుగుభాగం కత్తిరించి, బొమ్మకు అద్దం కట్టించింది. నేను బి.కాం. చదివే రోజుల్లో పొంగలికి ఇంటికి సున్నం వేస్తూ, "పాత కేలండరే కదా" అని దాన్ని అటకమీద పడేశాను. "ఏడాది చెల్లిపోతే దేవుడు కూడా చెల్లిపోతాడట్రా?" అని అడిగింది అవ్వ. నా దగ్గర జవాబు లేదు.

అవ్వ పోయిన తర్వాత పటాన్ని కిందికి దించి తుడుస్తుంటే, మూలన సన్నని సంతకం కనిపించింది: సి. కొండయ్య రాజు.

ఆయన 1898లో పుట్టారు. మద్రాసు చిత్రకళా పాఠశాలలో చదివారు. కొంతకాలం తిరువణ్ణామలైలో రమణాశ్రమంలో గడిపి, ఆ తర్వాత నాటక కంపెనీలకు తెరలు రాశారు. ఆ తెరల పనే ఆయన్ను మన కోవిల్‌పట్టికి చేర్చింది. 1940ల నుంచి ఇక్కడే స్థిరపడ్డారు. పెళ్లి చేసుకోలేదు. శిష్యులే ఆయన కుటుంబం. సుబ్బయ్య, రామలింగం, అరుణాచలం వంటివారు ఆయన దగ్గర తయారైనవారే. వీరి బొమ్మలు శివకాశి అచ్చు యంత్రాలెక్కి, కేలండర్లుగా ఇంటింటికీ చేరాయి. 1976లో ఆయన కన్నుమూశారు.

గాజుకూజాలో పూలు అమర్చి, వాటినే చిత్రంగా గీసేవారు పాశ్చాత్య దేశాల్లో ఎందరో ఉన్నారు. కొండయ్య రాజుగారి బొమ్మల్లో పువ్వుకు వేరే పని ఉంది. అది దేవికి పీఠం, చేతికి అలంకారం, మెడకు దండ. నాటక తెరకు దూరం నుంచి కనిపించే రంగు కావాలి. పూజగదికి దగ్గర నుంచి చూసినా నిలిచే రేకు కావాలి. మా పటంలో ఆ రెండూ ఉన్నాయి.

ఏటా డిసెంబరులో మా బ్యాంకు కౌంటరు దగ్గర కేలండర్ కోసం రద్దీ ఉంటుంది. "సామి పటం ఉందా సార్?" అని ముందే అడుగుతారు. లెక్కల మనిషిగా నేను ఒకప్పుడు దాని విలువ మార్చి 31తో ముగిసే ఖాతాలా చూసేవాణ్ణి. అవ్వ లెక్క వేరు. ఆమె లెక్కే సరైనదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పటం మళ్లీ పూజగదికి చేరింది. మీ ఇళ్లలోనూ అవ్వలు, అమ్మలు అద్దం కట్టించిన పాత బొమ్మలు ఉండవచ్చు. ఈసారి సున్నం వేసేటప్పుడు తొందరపడి పారేయకండి. ముందు ఆ మూలన ఎవరి పేరుందో ఒకసారి చూడండి, పిల్లలకూ చూపించండి.