నిద్ర వచ్చుటయా, మెలకువ పోవుటయా?

పరీక్షలకు రాత్రంతయు మేలుకొని చదువు విద్యార్థికి ‘ఇన్‌సోమ్నియా’ ఉన్నదనవచ్చునా యని యొక పాఠకులు ప్రశ్నించినారు. అనరాదు. అది జాగరణ, శివరాత్రినాడు మనము చేయునదియు నదియే. పడకయు, చీకటియు, తీరికయు నుండియు కన్ను మూతపడకుండుట, పడినను నడిరేయి మెలకువ వచ్చి మరల నిద్ర పట్టకుండుట, అందువలన పగటి పనులు చెడుట ఇన్‌సోమ్నియా. వారమునకు 3 రాత్రుల చొప్పున 3 నెలలు సాగినచో వైద్యులు దానిని దీర్ఘవ్యాధిగా నెంచుదురు. నిర్వచన మింతే, దాని వెనుకనున్న యంత్రాంగమే మనోహరము.

బెల్జియము శాస్త్రజ్ఞుడు బ్రెమెర్ 1935లో పిల్లి మెదడును మధ్యభాగమున ఖండించి, పైభాగమందు నిద్రాతరంగములు కనబడుట చూచి, ఇంద్రియవార్తలు అందకపోవుటయే నిద్ర యని తీర్మానించెను. ఎంత పొరపాటు! దీనిని కాదనగల సాక్ష్యము అప్పటికే వియన్నాలో నున్నది. మొదటి ప్రపంచయుద్ధకాలమున ప్రబలిన నిద్రాజాడ్యమును 1917లో వర్ణించిన వాన్ ఎకోనొమో, మృతుల మెదళ్లను పరీక్షించి, ఎడతెగక నిద్రించినవారికి హైపోథలామస్ వెనుకభాగమును, ఆ జాడ్యముననే నిద్ర సరిగా పట్టక బాధపడిన కొలదిమందికి ముందుభాగమును చెడియుండుట గమనించెను. ఒక భాగము చెడగా నిద్రయే చెడినదన్నచో, నిద్రను పుట్టించు తావు అక్కడ నుండవలెను గదా!

ఆ తావునందలి కణములను 1996లో హార్వర్డులో సేపర్ బృందము ఎలుకలలో గుర్తించినది. ఇవి ‘గాబా’ యను రసాయనముతో, మెలకువను నిలుపు హిస్టమిను, నారడ్రినలిను, సెరటోనిను కేంద్రములను అణచును. ఆ మెలకువ కేంద్రములును తిరిగి వీనిని అణచును. ఒకటి నెగ్గిన కొలది రెండవది మఱింత క్రుంగును గనుక, విద్యుద్దీపపు స్విచ్చి వలె ఈ యేర్పాటు అటో ఇటో పడునే కాని నడుమ నిలువదు.

నిలిచినచో? 2008లో ప్రకటితమైన ప్రయోగమున ఒక మగ ఎలుకను, మఱియొక మగ ఎలుక వాసమున్న మురికి పంజరమున వేసిరి. పరాయి వాసనకు బెదరి అది సరిగా నిద్రింపలేదు. దాని మెదడును చూడగా నిద్రకణములును మెలకువ కణములును ఒక్కసారే పనిచేయుచుండెను! అలసట యొక దెస నిద్రలోనికి ఈడ్చుచుండగా, భయము వేఱొక దెస మెలకువను ఎగదోయుచుండెను. అలసియు కన్ను మూతపడని మనుజుని యవస్థయు నిట్టిదేనని నేను తలంచుచున్నాను.

మందుల మాటకు వచ్చినచో, పాతరకపు జలుబు మాత్రకు తూగు వచ్చుట అది మెలకువ పక్షపు హిస్టమినును అడ్డగించుటచేత. పరాయి పంజరపు భయము దానితో తొలగదు సరికదా, మత్తు మఱునాటి పగటికిని వెంటవచ్చును. దానిని నిద్రమాత్రగా మ్రింగు నలవాటు నాకెంతమాత్రము సమ్మతము కాదు.