తుప్పు పట్టించడమూ ఓ కళే!

కొత్త స్కూటర్ కొంటే ఏం చేస్తాం? మడ్‌గార్డు మీద చిన్న గీత పడినా ప్రాణం విలవిల్లాడుతుంది. వారానికోసారి కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, నీడపట్టున పెట్టుకుంటాం. కానీ కొందరున్నారు. నడుం పట్టేసేలా నెలల తరబడి కూర్చుని అరచేతిలో పట్టే యుద్ధట్యాంకును తయారుచేస్తారు. నున్నగా రంగేస్తారు. ఇక అద్దాల బీరువాలో పెట్టుకోవడమే కదా అనుకుంటే పొరపాటే. అసలు పని అప్పుడే మొదలవుతుంది. వేసిన రంగును గీకుతారు. తుప్పు పట్టిస్తారు. నూనె మరకలు కారుస్తారు. చివరికి బురద కూడా పూస్తారు!

చూసేవాళ్లకిది పిచ్చి. చేసేవాళ్లు మాత్రం దీన్ని ‘వెదరింగ్’ అంటారు. ఎండకీ వానకీ, మనుషుల బూట్లకీ ఓ యంత్రం ఎలా పాతబడుతుందో రంగులతో చెప్పడమన్నమాట. సైనిక వాహనాల బుల్లి నమూనాలు చేసే ‘స్కేల్ మోడలింగ్’ అభిరుచిలో సగం ఓపిక దీనికే ఖర్చవుతుంది.

బ్యాటరీలు నిర్ణయించిన కొలత!

బొమ్మకీ నమూనాకీ తేడా కొలతే. ఈ వాహనాల్లో ఎక్కువమంది ఇష్టపడే కొలత 1/35. అంటే అసలు వాహనంలో ముప్పై అయిదో వంతు. అయిదడుగుల ఏడంగుళాల మనిషి అందులో అయిదు సెంటీమీటర్లకు కాస్త తక్కువ ఉంటాడు. మన తెలుగు నేల మీద, సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో తయారయ్యే ‘శరత్’ సాయుధ శకటం పొడవు దాదాపు 6.7 మీటర్లు. దాన్ని ఈ కొలతకి కుదిస్తే 19 సెంటీమీటర్లు. అంటే స్కూలు పిల్లల స్కేలు మీద పెడితే ఇంకా చోటు మిగులుతుంది.

సరే, పాతికా కాకుండా, నలభై కాకుండా ఈ ముప్పై అయిదేంటి? దాని వెనకో సరదా కథ ఉంది. జపాన్‌లోని షిజువోకాలో యోషియో టమియా 1946లో కలప వ్యాపారం మొదలుపెట్టాడు. తర్వాత చెక్క నమూనాలు, 1960లో ప్లాస్టిక్ నమూనాలు మొదలయ్యాయి. తొలి ప్లాస్టిక్ కిట్టు యమాటో యుద్ధనౌక. అది ఆశించినంతగా పోలేదు. ఆ తర్వాత 1960ల మొదట్లో జర్మన్ల పాంథర్ ట్యాంకును ఎంచుకున్నారు. మోటారుతో నడిచేలా చేయాలనుకున్నారు. లోపల బ్యాటరీలు పట్టాలి కాబట్టి పైడొప్పను అందుకు సరిపోయే కొలతలో గీశారు. తీరా లెక్కేసి చూస్తే అది అసలు ట్యాంకులో సుమారు 35వ వంతొచ్చింది. ఆ ట్యాంకు విపరీతంగా అమ్ముడుపోయింది. తర్వాతవన్నీ అదే కొలతలో చేశారు. పోటీ కంపెనీలూ అదే దారి పట్టాయి. అలా ప్రపంచమంతా వాడే కొలత ఓ జత బ్యాటరీల చలవ!

యోషియో కొడుకు షున్సాకు టమియా ఆ కంపెనీని ప్రపంచ ప్రసిద్ధం చేశాడు. ట్యాంకుల అసలు కొలతల కోసం ఆయన అమెరికాలో ఎబర్డీన్‌లోని సైనిక మ్యూజియందాకా వెళ్లి ఫొటోలు తీసుకొచ్చాడు. 2025లో తొంభై ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

కిట్టు విప్పితే ఏముంటుంది? ఫ్రేములకు అతుక్కుని వందల ప్లాస్టిక్ ముక్కలు, అచ్చుకాగితాలు, ఎలా అతకాలో చెప్పే బొమ్మల పుస్తకం. ముక్కల్ని కట్టర్‌తో కోసి, అంచులు ఉప్పుకాగితంతో రుద్ది, ప్లాస్టిక్‌ను కరిగించి కలిపే జిగురుతో అతకాలి. ఇది ఓపికుంటే ఎవరైనా చేసేదే. ఆ తర్వాతదే అసలు పరీక్ష.

కారణం లేని మరక వద్దు

మొదట ట్యాంకు నమూనాలు నిన్ననే ఫ్యాక్టరీ గేటు దాటినట్టుండేవి. అమెరికాలో షెపర్డ్ పెయిన్, బెల్జియంలో ఫ్రాంకోయిస్ వెర్లిండెన్ లాంటివాళ్లు 1970ల నుంచి ఆ తీరు మార్చారు. నమూనాను ఒంటరిగా కాకుండా కూలిన గోడ పక్కనో, బురద రోడ్డు మీదో పెట్టి చూపించారు. తర్వాత స్పెయిన్‌కు చెందిన మిగ్ హిమెనెజ్ దుమ్ము కోసం, తుప్పు కోసం ప్రత్యేకంగా రంగుపొడులు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. దుమ్మును కూడా సీసాల్లో పెట్టి అమ్మొచ్చని అప్పటిదాకా ఎవరనుకున్నారు!

పద్ధతులు చాలానే ఉన్నాయి కానీ ఇంట్లో చేసుకోగలిగినవి నాలుగు తెలిస్తే చాలు. బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగును టర్పెంటైన్‌లో పల్చటి కషాయంలా కలిపి పూస్తే అది సందుల్లోకి, మేకుల చుట్టూ దిగి నీడలా నిలుస్తుంది. దీన్ని ‘వాష్’ అంటారు. బ్రష్షును లేత రంగులో ముంచి, పాతగుడ్డకి దాదాపు అంతా తుడిచేసి, అంచుల మీద ఆడిస్తే అరిగిన మెరుపొస్తుంది. గిన్నెలు తోమే స్పాంజి ముక్కను రంగులో అద్ది అంచుల మీద అంటిస్తే పెచ్చులూడినట్టు కనిపిస్తుంది. ఇనుము తళుక్కుమనాలంటే మెత్తటి పెన్సిల్ చాలు.

ఇక హెయిర్‌స్ప్రే చిట్కా అయితే గారడీయే. ముందు తుప్పు రంగేసి, ఆరాక వార్నిష్ పూసి, దాని మీద జుట్టుకు కొట్టుకునే హెయిర్‌స్ప్రే కొట్టాలి. పైన నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగు వేయాలి. అది ఆరీ ఆరగానే తడి బ్రష్షుతో మెల్లగా రుద్దితే కింది స్ప్రే కరిగి పైరంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. లోపలి తుప్పు బయటపడుతుంది. స్ప్రే లేకపోతే వంటింటి ఉప్పయినా పనికొస్తుంది. తడి మీద ఉప్పురవ్వలు చల్లి, ఆరాక పైరంగు కొట్టి, ఆ రవ్వల్ని రాల్చేస్తే సరి.

ఇవన్నీ నేర్చుకోవడం కష్టమేం కాదు. ఎక్కడ ఆపాలో తెలియడమే కష్టం. కొత్తవాళ్లు సరదా పుట్టి బండి నిండా తుప్పేస్తారు. వాడకంలో ఉన్న ట్యాంకు అలా ఉండదు. సిబ్బంది ఎక్కి దిగే చోట, మూత తెరిచి మూసే అంచు దగ్గర రంగు పోతుంది. పొగగొట్టం చుట్టూ మసి పడుతుంది. డీజిల్ పోసే మూత కింద జిడ్డు చార కారుతుంది. గొలుసుచక్రం లోపలివైపు తుప్పున్నా నేలకు రాసుకునే చోట మాత్రం వెండిలా మెరుస్తుంది. రబ్బరుకు తుప్పు పట్టదు, అల్యూమినియానికీ పట్టదు. ప్రతి మరక వెనకా ఓ కారణం ఉండాలన్నమాట. కారణం చెప్పలేని మరక, ఎంత అందంగా ఉన్నా, చెరిపేయాల్సిందే.

రంగు విషయంలో మరో కిటుకు. 1/35 నమూనాను అడుగు దూరం నుంచి చూడటమంటే అసలు ట్యాంకును 35 అడుగుల దూరం నుంచి చూడటమే. దూరం పెరిగేకొద్దీ రంగు లేతబడుతుంది కదా. అందుకే డబ్బాలో రంగును ఉన్నదున్నట్టు వేయకుండా కొంచెం తెలుపు కలుపుతారు.

పాఠం కావాలా... కలమల్ల రండి

ఈ విద్యకు విదేశీ పుస్తకాలే అక్కర్లేదు. కడప జిల్లా కలమల్ల రోడ్డు పక్కన ఓ గంట నిలబడితే చాలు. ఊరి పక్కనే 1650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం. చుట్టుపక్కల ఎర్రగుంట్ల, చిలంకూరుల్లో సిమెంటు ఫ్యాక్టరీలు. నాపరాళ్ల గనులు. మధ్యలో నల్లరేగడి చేలు. బూడిద మోసే లారీ చూడండి. క్యాబిన్ పైన, బానెట్ మీద, అద్దాల అంచుల్లో బూడిద పిండిలా పరుచుకుని ఉంటుంది. నిలువుగా ఉన్న పలకల మీద నిలవదు. వాన చినుకు పడితే ఆ పిండి చారలు చారలుగా కిందికి దిగుతుంది. నల్లరేగడిలోంచి వచ్చిన ట్రాక్టరుది ఇంకో రకం. తడిగా ఉన్నప్పుడు చక్రానికి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, ఎండితే బీటలు వారి రాలుతుంది, రాలిన చోట బూడిదరంగు మచ్చ మిగులుతుంది. రాతిపొడి మోసే బండిది మరో తెలుపు. ఒకే రోడ్డు మీద మూడు రకాల దుమ్ము!

కలమల్ల అనగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చేది వేరు. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం అక్కడిదే. క్రీ.శ. 575 ప్రాంతానిదని చెప్పే ఆ రాయి మీదే మనకు దొరికిన తొలి తెలుగు వాక్యాలున్నాయి. అందులోనూ కొన్ని అక్షరాలు అరిగిపోయి చదవడానికి రావు. కాలం చేసే వెదరింగ్‌కి ఇంతకన్నా పెద్ద నమూనా ఏముంటుంది!

ఆ దుమ్మును నమూనా మీదికి తేవడం సులువే. రంగు చాక్‌పీసుల్ని ఉప్పుకాగితం మీద అరగదీసి పొడి చేసుకోవాలి. మెత్తటి బ్రష్షుతో అద్ది, ఒక్క చుక్క టర్పెంటైన్ వదిలితే అతుక్కుంటుంది. బురద కావాలంటే అదే పొడిలో జల్లించిన మట్టి, ఫెవికాల్ కలిపితే సరిపోతుంది.

అసల్ ఉత్తర్ బురద

బురద అంటే గుర్తొచ్చింది. మనవాళ్లు నమూనాగా చేసుకోవాలంటే 1965 సెప్టెంబరు నాటి అసల్ ఉత్తర్ పోరాటాన్ని మించిన ఘట్టం లేదు. పంజాబ్‌లోని ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్థాన్ అప్పట్లో గొప్పగా చెప్పుకున్న ప్యాటన్ ట్యాంకులతో దూసుకొచ్చింది. మన సైన్యం గుర్రపునాడా ఆకారంలో మాటువేసింది. చెరకు తోటల్లోకి నీళ్లు వదిలారు. బరువైన ప్యాటన్లు ఆ బురదలో దిగబడ్డాయి. జీపు మీద బిగించిన 106 ఎం.ఎం. రికాయిల్‌లెస్ తుపాకీతో వాటిని వరసగా కూల్చిన అబ్దుల్ హమీద్ సెప్టెంబరు 10న అక్కడే ప్రాణాలర్పించాడు. ఆయనకు మరణానంతరం పరమవీరచక్ర ప్రకటించారు. పాకిస్థాన్ అక్కడ 97 ట్యాంకులు పోగొట్టుకుందని మన లెక్క. పట్టుబడ్డ ట్యాంకుల్ని వరసగా నిలబెట్టిన చోటికి ‘ప్యాటన్ నగర్’ అని పేరొచ్చింది.

ఆ పోరులో షెర్మన్ ట్యాంకులతో నిలిచిన దక్కన్ హార్స్ రెజిమెంటు మూలాలు మన హైదరాబాద్‌వే. నిజాం రాజ్యపు అశ్వికదళం నుంచి పుట్టిందది. షెర్మన్‌కూ ప్యాటన్‌కూ బజార్లో బోలెడు కిట్లున్నాయి. కానీ లోపల ఉండే అచ్చుకాగితాల మీద అమెరికా గుర్తులో, ఇజ్రాయెల్ గుర్తులో ఉంటాయి. మన గుర్తులు చాలాసార్లు ఎవరికి వాళ్లు చేత్తో రాసుకోవాల్సి వస్తుంది. భారత సైన్యం నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తుంటుందని, దాని పక్కన అంకెలు బండి సైన్యంలోకి వచ్చిన సంవత్సరాన్ని చెబుతాయని తెలియకపోతే అదీ తప్పుతుంది.

ఈ అభిరుచిలో అసలు ఇబ్బంది ఇక్కడే వస్తుంది. 1971 డిసెంబరు 16న బసంతర్ దగ్గర సెంచూరియన్ ట్యాంకుకు నిప్పంటుకున్నా దిగకుండా పోరాడి, ఇరవై ఒక్కేళ్లకే నేలకొరిగిన అరుణ్ ఖేతర్‌పాల్ ట్యాంకు పేరు ‘ఫామగుస్టా’. సెంచూరియన్ కిట్టు తెచ్చి ఆ పేరు రాయొచ్చు. కానీ గుండు తగిలిన కన్నం ఎక్కడ పెట్టాలి? మంటకు రంగు కాలి తెల్లబారిన చోటు, దాని చుట్టూ రెండ్రోజుల్లోనే పుట్టే నారింజ రంగు తుప్పు... ఇవన్నీ వేస్తుంటే చేతి కింద ఉన్నది ప్లాస్టిక్ అయినా, ఆ కన్నం వెనక ఓ మనిషున్నాడన్న సంగతి మరిచిపోవడానికి వీల్లేదు. కాలిన ట్యాంకును ముచ్చటగా, షోకేసు వస్తువులా చేయడం సబబు కాదని చాలామంది మోడలర్ల అభిప్రాయం. అలాగని శుభ్రంగా చేసి పెడితే అక్కడేం జరగనట్టే! అందుకే నిఖార్సయిన మోడలరు మరక వేసేముందు ఫొటోలు వెతుకుతాడు, రెజిమెంటు చరిత్ర చదువుతాడు. దొరక్కపోతే ఆ కన్నం పెట్టడు.

జేబుకు చిల్లు, ముక్కుకు గుడ్డ

ఖరీదు మాటేమిటంటారా? మంచి విదేశీ కిట్టుకు కొన్ని వేల రూపాయలవుతాయి. దిగుమతి చేసుకునే బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దేశంలో బొమ్మల తయారీ పెరగాలన్నది ఉద్దేశం. అది మంచిదే కానీ, ఎద్దుమైలారంలో తయారయ్యే శరత్ బుల్లి నమూనా కావాలన్నా దాని రష్యన్ అన్న బీఎంపీ-2 కిట్టును బయటి నుంచే తెప్పించుకోవాలి.

పిల్లలు చేస్తామంటే ఆపక్కర్లేదు. కాకపోతే పక్కన పెద్దలుండాలి. థిన్నర్, స్ప్రే వాసనలు పీల్చకూడదు. కిటికీలు తెరవాలి, మాస్కు కట్టుకోవాలి. అరగదీసిన పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. బ్లేడు సంగతి చెప్పనే అక్కర్లేదు.

కిట్టు కొనలేనివాళ్లకీ ఓ దారుంది. దాన్ని ‘స్క్రాచ్ బిల్డింగ్’ అంటారు. అట్ట, చెక్క, చీపురుపుల్ల, పాత పెన్ను గొట్టాలతో మొత్తం సొంతంగా చేసుకోవడం. కలమల్లకు ఎంతో దూరం లేని గండికోటే అందుకు తగిన సరుకు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాక అక్కడ ఫిరంగులు పోత పోయించాలని చూశాడు. 1652లో అక్కడికొచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆ సంగతి రాసుకున్నాడు. పోత పోయడానికి పూనుకున్నవాడూ ఓ ఫ్రెంచివాడే, పేరు క్లాడ్ మాయే. లోహం కోసం గుళ్లలోని విగ్రహాల్ని తెప్పించారు. అలాంటి ఫిరంగినీ, దాన్ని లాగే ఎద్దుల జతల్నీ పెట్టెలో పెట్టి ఏ కంపెనీ అమ్మడం లేదు. గొట్టానికి పెన్ను, చక్రాలకు చెక్క, పట్టాలకు రేకుముక్క. చక్రం పట్టా ఇనుము కాబట్టి దానికి గోధుమరంగు తుప్పు వేయాలి. గొట్టం కంచుది. దానికి తుప్పు పట్టదు, పచ్చటి చిలుం పడుతుంది. అదీ సందుల్లోనే. సైనికుల చేతులు రోజూ తగిలే మూతి దగ్గర మాత్రం పసుపుపచ్చగా మెరుస్తుండాలి.