నమూనా విమానమునకు లోహపు మెరుపు

తెలుపులో నలుపు కలిపినచో బూడిదవన్నె వచ్చును గాని వెండి మెరుపు రాదు. ఏలన, లోహకాంతి ఒక రంగు కాదు. అది కాంతి పరావర్తనము చెందు తీరు. తెల్లని పూత తనపై బడిన కాంతిని అన్ని దిక్కులకు చెదరగొట్టును. మెరుగుపెట్టిన అల్యూమినియమ్ రేకు సుమారు 90 శాతము కాంతిని అద్దమువలె మరల్చును.

కనుక వెండిరంగులో అల్యూమినియమ్ పొడి ఉండవలెను. ఇందలివి గుండ్రని రేణువులు కావు, పలుచని పొలుసులు. పూత ఆరి కుంచించుకొనునపుడు ఇవి చేప పొలుసులవలె పరచుకొన్నచో మెరుపు వచ్చును; అడ్డదిడ్డముగా నిలిచినచో బూడిదవన్నెయే మిగులును. అందుచేత అడుగుపూత నున్నగా నుండవలెను. వెండిరంగు పలుచగా పూయవలెను. నున్నని అట్టపైనను, గరుకు అట్టపైనను ఒకే రంగు పూసి చూచినచో ఈ భేదము తెలియును.

పొలుసు పరిమాణమును ముఖ్యమే. 1935లో తొలిసారి ఎగిరిన డి.సి.-3 విమానమునకు 1/72 వంతు నమూనా చేసితిమనుకొందము. దానిపై 0.1 మి.మీ. పొలుసు, అసలు విమానముపై 7.2 మి.మీ. చుక్కతో సమానము; అనగా బియ్యపుగింజంత! కాబట్టి మిక్కిలి మెత్తని పొడి గల రంగే తగును.

అసలు విమానపు రేకులన్నియు ఒకే ఛాయలో నుండవు. మిశ్రలోహమును, మెరుగుపెట్టిన దిశయు మారినకొలది ఛాయ మారును. వెండిరంగును రెండు మూడు గిన్నెలలో పోసి, కొన్నిటిలో నల్లరంగు ఒక్కొక్క చుక్క కలిపి వేర్వేరు రేకులకు పూసినచో సహజత్వము వచ్చును. నలుపు హెచ్చినచో మెరుపు చచ్చును.

ఒక హెచ్చరిక: పొడి అల్యూమినియమ్ గాలిలో లేచినపుడు నిప్పు తగిలినచో ప్రేలును. విద్యార్థులు సిద్ధముగా దొరకు రంగునే, గాలి బాగుగా ఆడుచోట, పొయ్యికి దూరముగా వాడవలెను.